అంతరిక్ష విధానం, నియంత్రణ: తెలుగునాట పరిశోధన

అంతరిక్ష విధాన పరిశోధన న్యాయశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు, ఇంజనీరింగ్, ప్రభుత్వ పాలన కలిసే చోట పుట్టిన అధ్యయన రంగం. రాకెట్లు, ఉపగ్రహాలు, వాటి చిత్రాలు, అవి వాడే రేడియో తరంగాలు దీని పరిధిలోకి వస్తాయి. ఎవరికి అనుమతి ఇవ్వాలి, ఏ షరతులతో ఇవ్వాలి, నష్టం జరిగితే ఎవరు జవాబుదారీ అన్నవి దీని మూల ప్రశ్నలు. తెలుగు ప్రాంతానికి ఈ రంగంతో ప్రత్యేక సంబంధం ఉంది. దేశపు ప్రధాన ప్రయోగ కేంద్రం శ్రీహరికోటలో, దూరసంవేదన చిత్రాలను స్వీకరించి పంచే కేంద్రం హైదరాబాద్‌లో, ఈ చట్టాలను బోధించే న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉన్నాయి. చిత్రాలు, ప్రసారాలు, శకలాలు చివరికి చేరేది ధర్మపురి వంటి నదీతీర పట్టణాలకు, ఆదిలాబాద్ అడవుల్లోని గూడేలకు.

పరిధి

ఈ రంగంలో విధానం, నియంత్రణ అన్న రెండింటినీ విడిగా చూస్తారు. ప్రభుత్వం ఏ దిశలో వెళ్లదలచిందో చెప్పేది విధానం. ఒక సంస్థ ఏది చేయాలో, చేయకపోతే ఏమవుతుందో చెప్పేది నియంత్రణ. భారతదేశంలో మొదటిది పత్రాల రూపంలో విస్తారంగా ఉంది. రెండోది ఎక్కువగా అనుమతి పత్రాల షరతుల్లో ఉంది. పార్లమెంటు చేసిన అంతరిక్ష చట్టం 2025 నాటికి కూడా లేదు. భారతీయ పరిశోధకుల పనిలో చాలా భాగం ఈ లోటు చుట్టూ తిరుగుతుంది.

చరిత్ర: అంతర్జాతీయ ఒప్పందాలు

అంతరిక్ష న్యాయంపై తొలి ప్రత్యేక గ్రంథాన్ని చెక్ న్యాయవాది వ్లాదిమీర్ మాండ్ల్ 1932లో, ఉపగ్రహాలు లేని కాలంలోనే ప్రచురించాడు. 1957లో స్పుత్నిక్ ఎగిరాక ఐక్యరాజ్యసమితి అంతరిక్ష వ్యవహారాలపై 1958లో తాత్కాలిక కమిటీని, 1959లో శాశ్వత కమిటీని నియమించింది. తొలి తాత్కాలిక కమిటీలోని 18 దేశాల్లో భారత్ ఒకటి.

ఆ కమిటీ చర్చల నుంచి ఐదు ఒప్పందాలు వచ్చాయి. 1967 నాటి బాహ్య అంతరిక్ష ఒప్పందం మిగిలినవాటికి మూలం. అంతరిక్షం ఏ దేశపు సొత్తూ కాదని, ప్రైవేటు సంస్థల పనికీ వాటి దేశమే బాధ్యత వహించాలని, వాటికి అనుమతి ఇచ్చి నిరంతరం పర్యవేక్షించాలని అది చెబుతుంది. వ్యోమగాముల రక్షణ ఒప్పందం 1968లో, నష్టపరిహార ఒప్పందం 1972లో, అంతరిక్ష వస్తువుల నమోదు ఒప్పందం 1975లో, చంద్ర ఒప్పందం 1979లో సంతకాలకు వచ్చాయి. భారత్ మొదటి నాలుగింటిలో భాగస్వామి. బాహ్య అంతరిక్ష ఒప్పందంపై 1967లోనే సంతకం చేసినా దాన్ని ధ్రువీకరించింది 1982లో. చంద్ర ఒప్పందంపై అదే ఏడాది సంతకం చేసింది కానీ ధ్రువీకరించలేదు.

1979 తర్వాత కొత్తగా బలమైన ఒప్పందమేదీ కుదరలేదు. అంతరిక్ష శకలాల తగ్గింపుపై 2007లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాలు స్వచ్ఛందమైనవే. అమెరికా చొరవతో వచ్చిన ఆర్టెమిస్ ఒప్పందాలపై భారత్ 2023 జూన్‌లో సంతకం చేసింది. వాటికీ చట్టబద్ధమైన బంధం లేదు.

చరిత్ర: భారతదేశం

1962లో అంతరిక్ష పరిశోధన జాతీయ కమిటీ, 1969 ఆగస్టు 15న ఇస్రో, 1972లో అంతరిక్ష కమిషన్, అంతరిక్ష శాఖ ఏర్పడ్డాయి. రాకెట్ కట్టేదీ, ఎగరేసేదీ, అనుమతించేదీ ప్రభుత్వమే అయినంతకాలం నియంత్రణ చట్టం అవసరం పెద్దగా కనిపించలేదు. అవసరం వచ్చిన ప్రతిసారీ మంత్రివర్గ నిర్ణయంతో ఒక పత్రం వెలువడింది: 1997లో ఉపగ్రహ సమాచార విధానం, 2001లో దూరసంవేదన డేటా విధానం, 2011లో దాని సవరణ.

ఈ పద్ధతి ఖరీదు ఆంట్రిక్స్–దేవాస్ వివాదంలో బయటపడింది. ఇస్రో వాణిజ్య విభాగం ఆంట్రిక్స్, బెంగళూరుకు చెందిన దేవాస్ మల్టీమీడియా 2005 జనవరిలో ఎస్‌-బ్యాండ్ తరంగాలపై ఒప్పందం చేసుకున్నాయి. ప్రభుత్వం 2011లో దాన్ని రద్దు చేసింది. 2015లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయమండలి దేవాస్‌కు 56.25 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు ఇచ్చింది. మోసం జరిగిందన్న కారణంతో దేవాస్‌ను మూసివేయాలన్న ఉత్తర్వును 2022 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. వ్యవహారం విదేశీ కోర్టుల్లో ఆ తర్వాతా నడిచింది. కక్ష్యలో స్థానం, తరంగాలు వంటి ప్రజా వనరులను ఎవరు, ఏ విధానంలో కేటాయించాలో చట్టం చెప్పని చోట ఒప్పంద పత్రమే చట్టమై కూర్చుంటుంది. ఈ వివాదం నుంచి పరిశోధకులు తీసుకునే ప్రధాన పాఠం ఇదే.

2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టారు. అది పార్లమెంటు ముందుకు రాలేదు. 2020 జూన్‌లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుస్తూ ఇన్‌-స్పేస్ అనే అనుమతుల సంస్థను ప్రకటించారు. 2023 ఏప్రిల్‌లో భారత అంతరిక్ష విధానం వెలువడి పనులను విభజించింది: ఇస్రోకు పరిశోధన, ప్రభుత్వ రంగ సంస్థ న్యూస్పేస్ ఇండియాకు వాణిజ్యం, ఇన్‌-స్పేస్‌కు అనుమతులు. అనుమతుల విధివిధానాల పత్రం 2024 మేలో వచ్చింది. అదే ఏడాది విదేశీ పెట్టుబడుల నిబంధనలు సడలించి, ప్రత్యేక అనుమతి లేకుండా ఉపగ్రహాల తయారీ, నిర్వహణలో 74 శాతం, ప్రయోగ వాహనాల్లో 49 శాతం, విడిభాగాల తయారీలో 100 శాతం వరకు అవకాశం ఇచ్చారు. ఇన్‌-స్పేస్ స్వయంగా మంత్రివర్గ నిర్ణయంతో పుట్టిన సంస్థ. దానికి శాసనపు వెన్నుదన్ను లేదు.

తెలుగునాట పరిశోధన

హైదరాబాద్ శివారు శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఈ రంగంలో దక్షిణాదిన ముందుగా నిలిచిన విద్యాసంస్థల్లో ఒకటి. అక్కడ వైమానిక, అంతరిక్ష న్యాయ కేంద్రాన్ని నెలకొల్పి నడిపినవారు ఆచార్య వి. బాలకిష్టారెడ్డి. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయం చదివిన ఆయన నల్సార్‌లో ఆచార్యుడిగా, రిజిస్ట్రార్‌గా పనిచేశారు. 2024లో తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షుడయ్యారు. ఆ కేంద్రం అంతరిక్ష, టెలికమ్యూనికేషన్ చట్టాల్లో స్నాతకోత్తర కోర్సును, భౌగోళిక సమాచార వ్యవస్థలు, దూరసంవేదన చట్టాలపై డిప్లొమాను దూరవిద్య పద్ధతిలోనూ అందించింది. ఉద్యోగం వదలకుండా చదవగలిగే ఈ ఏర్పాటు వల్ల అంతరిక్ష న్యాయం న్యాయవాదుల ఇంటి విషయంగా మిగిలిపోకుండా ఇంజనీర్లకు, సైనికాధికారులకు, ప్రభుత్వోద్యోగులకు కూడా అందింది. దాని అసలు విలువ ఇక్కడే ఉంది.

రెండో పాయ ఇస్రో శాస్త్రవేత్తలది. శ్రీహరికోట కేంద్రానికి సంచాలకుడిగా పనిచేసిన ఎం.వై.ఎస్. ప్రసాద్ 2005లో ‘స్పేస్ పాలసీ’ పత్రికలో ప్రచురించిన వ్యాసం శకలాల సాంకేతిక, న్యాయ సమస్యలను, ఐక్యరాజ్యసమితిలో భారత వైఖరిని వివరించింది. ఆయనకు 2014లో పద్మశ్రీ వచ్చింది. 2012లో పద్మశ్రీ పొందిన వి. ఆదిమూర్తి శకలాల కదలికలను గణితంగా అంచనా వేసే పనిలో పేరున్నవారు. ఈ పాయకు వెనుక ఒక అనుభవం ఉంది. 2001 అక్టోబరులో శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 నాలుగో దశ, పని ముగించుకున్న రెండు నెలలకు కక్ష్యలో పేలి 300కు పైగా శకలాలైంది. తర్వాతి ప్రయోగాల నుంచి మిగిలిన ఇంధనాన్ని, పీడనాన్ని వదిలేసే ఏర్పాటు మొదలైంది. ఏ చట్టమూ ఒత్తిడి చేయకుండానే వచ్చిన మార్పు అది.

ప్రధాన శాఖలు

ప్రయోగ బాధ్యత. నష్టపరిహార ఒప్పందం ప్రకారం వస్తువును ఎగరేసిన దేశం, ఎగరేయించిన దేశం, ఏ దేశపు భూభాగం నుంచి లేదా కేంద్రం నుంచి ఎగిరిందో ఆ దేశం అన్నీ ‘ప్రయోగ రాజ్యాలే’. భూమ్మీద నష్టం జరిగితే తప్పు నిరూపించాల్సిన పని లేకుండా అవి పరిహారం ఇవ్వాలి. కక్ష్యలో నష్టమైతే తప్పు నిరూపించాలి. 2017 ఫిబ్రవరి 15న పీఎస్‌ఎల్‌వీ-సీ37 మోసుకెళ్లిన 104 ఉపగ్రహాల్లో 101 విదేశాలవి. వాటన్నిటికీ భారత్ కూడా ప్రయోగ రాజ్యమే.

ఈ బాధ్యత బరువు ఎంతో తెలిపే ఘటన శ్రీహరికోటలోనే ఉంది. 2018 జనవరి 12న పీఎస్‌ఎల్‌వీ-సీ40లో అమెరికా సంస్థ స్వార్మ్ టెక్నాలజీస్‌కు చెందిన నాలుగు చిన్న ఉపగ్రహాలు వెళ్లాయి. అవి మరీ చిన్నవి కావడంతో భూమి నుంచి జాడ పట్టడం కష్టమని అమెరికా సమాచార నియంత్రణ సంస్థ అంతకుముందే అనుమతి నిరాకరించింది. అయినా అవి ఎగిరాయి. ఆ సంస్థ 2018 డిసెంబరులో 9 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకొంది. విదేశీ ఉపగ్రహానికి దాని స్వదేశంలో అనుమతి ఉందో లేదో ఎక్కించే ముందు ఎవరు, ఏ పత్రం చూసి నిర్ధారించుకోవాలి అన్న ప్రశ్నకు ఈ ఉదంతం పాఠ్యగ్రంథమంత విలువైనది.

సరిహద్దు. ఆకాశం ఎక్కడ ముగిసి అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందో ఒప్పందాలు చెప్పవు. 100 కిలోమీటర్ల కార్మాన్ రేఖ వాడుక మాత్రమే. హైదరాబాద్‌లో పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో స్థాపించిన స్కైరూట్ సంస్థ రాకెట్ విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. దేశపు తొలి ప్రైవేటు రాకెట్‌గా దానికి ఇన్‌-స్పేస్ అనుమతి ఉంది. కానీ వాడుక రేఖ ప్రకారం అది అంతరిక్షాన్ని తాకలేదు. అలాంటి ప్రయోగంలో నష్టం జరిగితే వర్తించేది వైమానిక న్యాయమా, అంతరిక్ష న్యాయమా అన్నది సిద్ధాంత చర్చగా మిగిలిపోయే ప్రశ్న కాదు.

తరంగాలు. రేడియో తరంగాలు, భూస్థిర కక్ష్యలోని స్థానాలు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సమన్వయంలో ఉంటాయి. దేశంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఉపగ్రహ సేవలకు వేలం లేకుండా పరిపాలనా పద్ధతిలో తరంగాల కేటాయింపుకు వీలిచ్చింది. టవర్లు కట్టడం గిట్టుబాటు కాని అటవీ ప్రాంతాలకు ఈ నిబంధన కీలకం.

చిత్రాలు, డేటా. ఈ శాఖకు హైదరాబాద్ కేంద్రస్థానం. జాతీయ దూరసంవేదన కేంద్రం 2008లో ఇస్రోలో భాగమైంది. దాని భూకేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. 2001 విధానంలో 5.8 మీటర్ల వరకు, 2011 విధానంలో 1 మీటరు వరకు స్పష్టత గల చిత్రాలను వివక్ష లేకుండా ఇవ్వవచ్చన్నారు. అంతకన్నా సూక్ష్మమైనవాటికి వడపోత ఉండేది. ఈలోగా విదేశీ ఉపగ్రహాల సూక్ష్మ చిత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరకడం మొదలైంది. 2005 అక్టోబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం హైదరాబాద్‌లో పోలీసు అధికారుల ఎదుట దీనిపై ఆందోళన తెలిపారు. సొంత చిత్రాలకు తాళం వేసి, పరాయి చిత్రాలకు అడ్డుకట్ట వేయలేని స్థితి చాలా ఏళ్లు సాగింది. 2021 ఫిబ్రవరి భౌగోళిక డేటా మార్గదర్శకాలతో ఆంక్షలు సడలాయి. 2023 విధానం 5 మీటర్లు, అంతకన్నా ముతక చిత్రాలను అందరికీ ఉచితం చేసింది.

పరిశోధన పద్ధతి

పరిశోధకుడి ముందు మూడు రకాల పత్రాలుంటాయి. ఒప్పందాలను 1969 వియన్నా సూత్రాల ప్రకారం మాటల సాధారణ అర్థం, సందర్భం, ఉద్దేశం చూసి చదువుతారు. ఐక్యరాజ్యసమితి కమిటీ చర్చల నివేదికలు రెండో రకం. ఏ వాక్యం ఏ దేశం పట్టుబట్టడం వల్ల వచ్చిందో అక్కడ తెలుస్తుంది. మూడోది దేశీయ లైసెన్సులు, విధివిధానాలు, కోర్టు తీర్పులు. వీటితో పాటు కక్ష్యల జాబితాలు, నమోదు రిజిస్టర్లు చదవడం రావాలి. ఎప్పుడు ఏది ఎక్కడ ఉందో తెలియకుండా ఎవరు బాధ్యులో చెప్పలేం. పత్రం ‘చేయవలెను’ అంటోందా, ‘చేయవచ్చు’ అంటోందా అన్న పరిశీలన చివరి అంచె. భారత పత్రాల్లో చాలా వాదనలు తేలేది అక్కడే.

ఉత్తర తెలంగాణకు వర్తింపు

గోదావరి వరదలు. ధర్మపురి శ్రీరాంసాగర్‌కు దిగువన, శ్రీపాద ఎల్లంపల్లికి ఎగువన గోదావరి ఒడ్డున ఉంది. 2022 జూలైలో గోదావరి ఉపనదిపై ఉన్న కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగినదానికి మించి వరద వచ్చి ఆనకట్టకే ముప్పు ఏర్పడింది. అలాంటి సమయంలో మబ్బుల వల్ల సాధారణ కెమెరా ఉపగ్రహాలు పనికిరావు. అదే ఏడాది ఫిబ్రవరి 14న వెళ్లిన ఈఓఎస్-04 వంటి రాడార్ ఉపగ్రహాలు మబ్బుల గుండా చూస్తాయి. పెద్ద విపత్తుల్లో విదేశీ ఉపగ్రహాల చిత్రాలు కూడా ఉచితంగా తెచ్చుకునే అంతర్జాతీయ ఒప్పందంలో ఇస్రో 2001 నుంచి ఉంది. ఆ చిత్రాలతో తయారైన వరద పటం జిల్లా అధికారికి ఎన్ని గంటల్లో చేరాలి, తీరగ్రామాల ప్రజలకు చూసే హక్కు ఉందా అన్నవి విధాన ప్రశ్నలు. సకాలంలో ఇవ్వకపోతే ఏమిటన్నది విధానం చెప్పదు.

పోడు భూములు. ఈ ప్రాంతంలో అంతరిక్ష డేటా న్యాయంతో ముఖాముఖి తలపడేది ఇక్కడే. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు పొందాలంటే ఆదివాసీ రైతు 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమిలో సాగులో ఉండాలి. ఆ తేదీకి చుట్టుపక్కల తీసిన ఉపగ్రహ చిత్రాలను అధికారులు ముందుకు తెస్తారు. ఆ కాలపు లిస్-3 కెమెరా చిత్రంలో ఒక చుక్క నేలపై 23.5 మీటర్ల చదరం. ఎకరం అంతా అటువంటి సుమారు ఏడు చుక్కల్లో ఇమిడిపోతుంది. పోడు చేలో ఇప్ప, తునికి చెట్లను నరకకుండా ఉంచుతారు. కొన్ని చేలను ఏడాదో రెండేళ్లో బీడు పెడతారు. అవి చిత్రంలో అడవిలాగే కనిపిస్తాయి. కోలాం, గోండు, నాయక్‌పోడ్ కుటుంబం చేతిలో ఉన్న సాక్ష్యం గ్రామసభ తీర్మానం, పెద్దల మాట.

2012లో సవరించిన అటవీ హక్కుల నియమాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా రావచ్చు, వాటి స్థానంలో రాకూడదు. గుజరాత్ హైకోర్టు 2013లో ఇదే బాటలో తీర్పు ఇచ్చింది. కోర్టులో అయితే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి. 2024 జూలై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కిందికి వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 జూన్ 30న ఆసిఫాబాద్ నుంచి సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ ప్రారంభించింది. తిరస్కరించిన దరఖాస్తుల్లో చిత్రం పాత్ర ఎంత, ఏ స్పష్టత గల చిత్రం వాడారు అన్న పరిశోధన తెలంగాణలో లోతుగా జరగాల్సి ఉంది. ఒక కుటుంబం భూమి నిలుస్తుందా పోతుందా అన్నది ఏడు చుక్కల మీద ఆధారపడకూడదు.

పడే శకలాలు. 2022 ఏప్రిల్ 2 రాత్రి, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాలకు ఆనుకొని ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో సిందేవాహి తాలూకా లాడ్‌బోరి గ్రామం వద్ద పెద్ద లోహపు వలయం పడింది. చుట్టుపక్కల లోహపు గోళాలు దొరికాయి. అవి 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ భాగాలని కక్ష్యలను లెక్కించే నిపుణులు గుర్తించారు. భారత రాకెట్ల భాగాలూ పరాయి తీరాలకు చేరతాయి. 2023 జూలైలో ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలో దొరికిన సిలిండర్ పీఎస్‌ఎల్‌వీ భాగమేనని ఇస్రో ధ్రువీకరించింది.

ఇలాంటి వస్తువు ఎక్కడ పడినా దాని యాజమాన్యం మారదు. 1968 ఒప్పందం ప్రకారం దొరికిన సంగతి ప్రయోగించిన దేశానికి, ఐక్యరాజ్యసమితికి తెలపాలి. గ్రామస్థులు ముట్టుకోకుండా పోలీసులకు, తహసీల్దారుకు చెప్పాలి. కొన్ని ట్యాంకుల్లో హైడ్రజీన్ వంటి విషపూరిత ఇంధనపు అవశేషం ఉండవచ్చు. పరిహారం కోసం బాధితుడు కాక అతని దేశం ఏడాదిలోపు దౌత్యమార్గంలో అడగాలి. 1978లో సోవియట్ కాస్మోస్ 954 కెనడాలో పడ్డాక కెనడా 60 లక్షల డాలర్లకు పైగా అడిగి 1981లో 30 లక్షలు పొందింది. నష్టపరిహార ఒప్పందం ఆధారంగా జరిగిన పెద్ద క్లెయిము ఇదే.

అసలు చిక్కు భారత రాకెట్ భాగం భారత పౌరుడి పొలంలో పడినప్పుడు వస్తుంది. ప్రయోగ రాజ్యం సొంత పౌరులకు నష్టపరిహార ఒప్పందం వర్తించదని అందులోనే ఉంది. చైనా రాకెట్ పడితే ధర్మపురి రైతు పక్షాన అడగడానికి ఒప్పందం ఉంది, స్వదేశీ రాకెట్ పడితే లేదు. అప్పుడు 1986 నాటి ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని, రిట్ అధికారాన్ని ఆశ్రయించాలి. ఇన్‌-స్పేస్ షరతులు ప్రభుత్వానికీ సంస్థకూ మధ్య బాధ్యతను పంచుతాయి. బయటి వ్యక్తి నేరుగా ఆధారపడగల శాసనం మాత్రం కాదు.

రాష్ట్ర విధానాలు

అంతరిక్షం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పేరుపెట్టి లేదు. మిగిలిన అధికారాల కింద, ఒప్పందాల అమలుకు సంబంధించిన 253వ అధికరణం కింద అది కేంద్రానిది. రాష్ట్రం ప్రయోగ అనుమతి ఇవ్వలేదు. భూమి, రాయితీలు, శిక్షణ, పరీక్షల సౌకర్యాలు, సొంత శాఖల్లో ఉపగ్రహ డేటా వాడకం దాని చేతిలో ఉంటాయి. తెలంగాణ 2022 ఏప్రిల్ 18న స్పేస్‌టెక్ విధాన పత్రం విడుదల చేసింది. స్కైరూట్, ధ్రువ స్పేస్ వంటి సంస్థలు అప్పటికే హైదరాబాద్‌లో ఉన్నాయి. ధ్రువ స్పేస్ తన థైబోల్ట్ ఉపగ్రహాలను 2022 నవంబరు 26న పంపింది. ఆంధ్రప్రదేశ్ 2025లో తన విధానంలో తిరుపతి, లేపాక్షి ప్రాంతాల్లో అంతరిక్ష నగరాలను ప్రతిపాదించింది. రెండింటి దృష్టీ ప్రధానంగా పరిశ్రమ మీదే. సేవలు వాడే జిల్లాల వైపు నుంచి రాసిన రాష్ట్ర పత్రం ఇంకా రావాల్సి ఉంది.

చర్చలో ఉన్న అంశాలు

చట్టం తక్షణమే కావాలన్న వాదన బలంగా ఉంది. శాసనం లేని అనుమతిని ఎప్పుడైనా మార్చవచ్చని పెట్టుబడిదారు భయపడతాడు. బాధితుడికి పట్టుకోవడానికి సెక్షన్ ఉండదు. వేగంగా మారే పరిశ్రమను ముందే చట్టంలో బిగిస్తే చిన్న సంస్థలు బీమా, హామీల భారం మోయలేవన్నది ఎదుటి వాదన. విధివిధానాలను కొన్నేళ్లు నడిపి, అనుభవంతో చట్టం రాయాలని ఆ పక్షం అంటుంది. రెండో వాదనలో పరిశ్రమ విషయంలో నిజముంది. భూమ్మీది మనిషి పరిహారం విషయంలో ఆగడానికి అది కారణం కాజాలదు. ఆ ఒక్క అధ్యాయాన్ని విడిగా, ముందుగా శాసనం చేయవచ్చు.

శకలాలపై, 2030 నాటికి భారత ప్రయోగాలన్నీ శకలరహితంగా ఉండాలన్న లక్ష్యాన్ని ఇస్రో 2024లో ప్రకటించింది. 2019 మార్చి 27న భారత్ సొంత ఉపగ్రహాన్ని క్షిపణితో కూల్చిన పరీక్ష తక్కువ ఎత్తులో, సుమారు 300 కిలోమీటర్ల లోపు జరిగింది. శకలాలు త్వరగా రాలిపోవాలన్నది ఉద్దేశం. అయినా కొన్ని పైకి ఎగసి నెలల తరబడి తిరిగాయి. రక్షణ ప్రయోగాలకూ ఆ లక్ష్యం వర్తిస్తుందా అన్నది పరిశోధకులు లేవనెత్తే ప్రశ్న. వేల ఉపగ్రహాల సమూహాలతో ఇంటర్నెట్ అందించే విదేశీ సంస్థలకు 2025లో దేశంలో అనుమతులు రావడంతో తరంగాల ధర, దేశీయ భద్రత, మారుమూల గ్రామాలకు సేవ అందించే బాధ్యత వంటి అంశాలు కూడా చర్చలో చేరాయి.

సంబంధిత శీర్షికలు: బాహ్య అంతరిక్ష ఒప్పందం, ఇన్‌-స్పేస్, జాతీయ దూరసంవేదన కేంద్రం, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, అటవీ హక్కుల చట్టం, అంతరిక్ష శకలాలు, కడెం ప్రాజెక్టు, శ్రీహరికోట.